మెట్ల లైటు ఇద్దరిదీ

పొద్దున్నుంచి ఆ స్విచ్చి పడిపోవడం అది ఆరోసారి. పడినప్పుడు వచ్చే చప్పుడు చాలా చిన్నది, ఎవరో నాలుకతో ఒక్కసారి చప్పరించినట్టు ఉంటుంది. ఆ చప్పుడు వినగానే గుడ్లమ్మాయి ముఖం పాలిపోయింది.

"చూశావా అక్కా, మళ్ళీ."

"చూడ్డానికేముంది, విన్నాను," అంది కరెంటక్క. సంచీ భుజాన వేసుకుని గడప దాకా వెళ్ళిన మనిషి వెనక్కి తిరిగి చెప్పులు విడిచింది. ఆ గుమ్మం ముందు ఆ చెప్పులు విడవడం ఆ పూటకు మూడోసారి. ఈసారి విడవలేదు, విదిలించింది. ఒకటి బోర్లా పడింది.

గుడ్లమ్మాయి ఆ ఇంటి కింది వాటాలో ఉండే కండక్టరు భార్య. రెండేళ్ళు బట్టల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి, కాళ్ళు వాచి, ఇక చాలనుకుని మానేసింది. ఇంట్లోనే కోడిపిల్లల్ని పొదిగించి అమ్ముతానంది. వీధి నవ్వింది, గుడ్లమ్మాయి అని పేరు పెట్టింది. ఆమె పట్టించుకోలేదు. ముందుగదిలో బీరువా ఉండే చోట బీరువాను పక్కకు జరిపించి, పొదిగే పెట్టెను పెట్టించింది. అందులో నూట ఇరవై గుడ్లు. ఆ రోజు ఇరవయ్యో రోజు. ఇరవై ఒకటిన పిల్లలు రావాలి. పెట్టె వెచ్చగా ఉండాలి, తేమగా ఉండాలి, అంతకంటే అది కోరేదేమీ లేదు. చెవి ఆనించి వింటే లోపల్నుంచి సన్నగా కిచకిచలు. పెంకు వెనక, ఇంకా వెలుతురంటే ఏమిటో తెలియని గొంతులు.

ఆరు సార్లు కరెంటు పోయింది. అద్దం లోపలి థర్మామీటరు ముప్పై ఏడున్నర నుంచి ముప్పై నాలుగుకు దిగింది. ఆ అంకె కింద వేలు పెట్టుకుని కూర్చుంది గుడ్లమ్మాయి, వేలు పెడితే దిగకుండా ఆగుతుందన్నట్టు.

"ఆ దుప్పట్లు ఇంకో రెండు కప్పు. గాలి రంధ్రాలు మాత్రం వదిలెయ్," అంది కరెంటక్క. "నేను మొదటికొస్తాను."

మొదటికి రావడం ఆమెకు కొత్త కాదు. తొమ్మిదో తరగతి తప్పినప్పుడు మేనమామ ఆమెను తన మోటార్ల రిపేరు షాపులో కూర్చోబెట్టాడు, పెళ్ళి కుదిరేదాకా ఖాళీగా ఎందుకని. పెళ్ళి కుదిరింది, అయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు. రాగి తీగ మాత్రం ఆమె చేతిలోంచి దిగలేదు. ఇప్పుడు యాభై రెండేళ్ళు. చూపు తగ్గింది, సూదిలో దారం ఎక్కించడానికి కూతుర్ని పిలుస్తుంది. చెవి మాత్రం తగ్గలేదు.

ఆ చెవి కోసమే ఆమె సబ్బుపెట్టె. మూతున్న ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న బెల్లు, బయటికి రెండు తీగలు, తీగల చివర పళ్ళున్న క్లిప్పులు. తీగకు రెండు చివర్లా క్లిప్పులు పెడితే, మధ్యలో ఎక్కడా తెగకుండా ఉంటే బెల్లు మోగుతుంది. తెగితే మోగదు. అంతే. కూతురు ఒక మంచి మీటరు కొనిచ్చింది, అంకెలు వెలిగేది. దాన్ని గుడ్డలో చుట్టి సంచీ అడుగున పెట్టుకుంది. "అది చూపిస్తుంది గాని మాట్లాడదు," అంటుంది.

ప్రతి పరీక్షకూ ముందు రెండు క్లిప్పుల్నీ ఒకదానికొకటి తగిలించి బెల్లు మోగిస్తుంది. పరీక్ష అయ్యాక మళ్ళీ మోగిస్తుంది. మేనమామ నేర్పిన అలవాటు. బెల్లు బతికుందో లేదో చూసుకోకుండా తీగ చచ్చిపోయిందని చెప్పకూడదనేవాడు ఆయన. ఒక పరీక్షకు మూడు మోతలు. పక్కనున్నవాళ్ళకు తల వాచిపోతుంది. ఆమెకు అది ఊపిరి తీసుకోవడం లాంటిది.

ఆమెకు తల వాచేది వేరే చోట. ముప్పై ఏళ్ళలో ఏ ఇంటికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే అడిగింది, ఏం ముట్టుకున్నారని. ఏ ఇంట్లోనైనా జవాబు ఒకటే వచ్చింది, ఏమీ ముట్టుకోలేదని. గోడకు పటం కోసం మేకు కొట్టి, సున్నం పొడి ఇంకా చొక్కా మీద ఉండగానే ఏమీ ముట్టుకోలేదన్నవాళ్ళున్నారు. గీజరు విప్పి మూడు మరలు మిగుల్చుకుని, ఆ మరలు గుప్పిట్లో పెట్టుకునే ఆ మాట అన్నాయన ఉన్నాడు. తీగలతో ఆమెకు ఎప్పుడూ పేచీ లేదు. తీగ తెగితే తెగానంటుంది.

ఈ ఇంట్లోనూ పొద్దున రాగానే అడిగింది. కింద కండక్టరు ఏమీ ముట్టుకోలేదన్నాడు. పై వాటాలో ఉండే అతని అన్నగారు, రిటైరైన లెక్కల మాస్టారు, మెట్ల మీద నిలబడి మేమేమీ ముట్టుకోలేదన్నాడు. ఆ మాట తమ్ముడి వైపు చూడకుండా, గోడకు చెప్పినట్టు చెప్పాడు. అన్నదమ్ములకు ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. ఆడవాళ్ళు మాట్లాడుకుంటారు, గొంతు తగ్గించి.

పడిపోతున్నది పోయినవారం కరెంటక్కే బిగించిన రక్షణ స్విచ్చి. షాకు కొట్టకుండా కాపాడేది. దాని పని ఆమె ఎవరికైనా ఒకే మాటలో చెబుతుంది, వెళ్ళిన కరెంటంతా బయల్దేరిన ఇంటికే తిరిగి రావాలి, కాస్త తగ్గినా ఇది పడిపోతుంది అని. తగ్గిందంటే ఎక్కడో తడిగోడలోకో మనిషి ఒంట్లోకో పోతోందన్నమాట. వారం రోజులు బుద్ధిగా ఉంది. ఈ రోజు పొద్దున పట్టుకుంది దీనికి పిచ్చి.

ముందుగదిలో ప్లగ్గులన్నీ పీకింది. స్విచ్చి ఎత్తింది. నిలబడింది. పెట్టె ఒక్కటే పెట్టింది. నిలబడింది. చేతులు దులుపుకుంది. పడిపోయింది. పెట్టె లోపలి హీటరు తీగకూ రేకు ఒంటికీ మధ్య బెల్లు పెట్టింది. మోగలేదు, అంటే పెట్టె మంచిదే. ఫ్యాను విప్పింది, మంచిదే. లైటు తీగలు, మంచివే. ఒకసారి స్విచ్చి ఎంత ఎత్తినా పది నిమిషాలు నిలబడనంది. పదకొండో నిమిషంలో, ఎవరూ ఏమీ చేయకుండానే, ఏమీ ఎరగనట్టు నిలబడింది. కరెంటక్కకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడూ ఉండే లోపం పట్టుబడుతుంది. వచ్చిపోయే లోపం చుట్టం లాంటిది, వెతికితే ఉండదు, పని పెట్టుకుంటే వస్తుంది.

"ఆ డబ్బా పీకేసి డైరెక్టుగా ఇచ్చెయ్యక్కా," అన్నాడు కండక్టరు. సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉండి, పొద్దున్నుంచి ఆ మాట నాలుగోసారి అన్నాడు. "వారం కిందటి దాకా అది లేకుండానే బతికాం కదా."

"నీ పెళ్ళాం రోజుకు మూడుసార్లు ఆ పెట్టెలో నీళ్ళు పోస్తుంది. తడి చేతుల్తో. పీకేస్తాను, రేపట్నుంచి నువ్వు పోస్తావా?"

కండక్టరు ఆగిపోయిన ఫ్యాను వైపు చూశాడు.

"పోనీ పైనుంచి ఒక తీగ లాగుదామా, రేపటి దాకా," అంది గుడ్లమ్మాయి.

"పైనుంచి నేను మంచినీళ్ళు కూడా అడగను."

"మిమ్మల్నెవరు అడగమన్నారు? పైన అక్కయ్యను నేనడుగుతాను."

"నువ్వడిగితే నేనడిగినట్టే."

"నూట ఇరవై ప్రాణాలు లోపల ఉన్నాయండీ."

"ఉంటే? ఎనిమిదేళ్ళు ఉగ్గబట్టుకున్నది కోడిపిల్లల కోసం వదిలేస్తానా?"

గుడ్లమ్మాయి దుప్పటి అంచు సర్దింది, సర్దిన అంచునే మళ్ళీ సర్దింది. కరెంటక్క ఆ చేతుల్ని చూసి, స్విచ్చి ఎత్తింది. నిలబడింది. పెట్టెలో ఎర్రదీపం వెలిగింది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు.

చప్పరింత. ఎర్రదీపం పోయింది.

అదే క్షణంలో మెట్ల చీకట్లోంచి ఒక గొంతు దిగివచ్చింది. మాస్టారి భార్యది.

"నేను లైటు వేసిన ప్రతిసారీ ఆర్పేస్తున్నారు, మీకేం పోయింది చెప్పండి? కాలు జారితే ఎవరికి సంబరం?"

ఆ మెట్లు ఇంటి మధ్యలో ఉన్నాయి, కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చీకటి మెట్టుమెట్టునా కూర్చుని ఉంటుంది. కరెంటక్క గబగబా వెళ్ళి కింది మెట్టు దగ్గర తల పైకెత్తింది. పైన ఉతికిన బట్టల బుట్ట, బుట్ట వెనక మాస్టారి భార్య.

"అమ్మా, ఆ మాట మళ్ళీ చెప్పండి. లైటు ఎప్పుడు వేశారు?"

"ఇప్పుడే. వేయగానే ఆర్పేశారు. పొద్దున్నుంచీ ఇదే వరస. నేను వేయడం, మీరు ఆర్పడం. ఒకసారి విసుగొచ్చి స్విచ్చి అలాగే వదిలేసి పోయాను, తర్వాత గుర్తొచ్చి వచ్చి ఆర్పాను."

పది నిమిషాలు మొండికేసిన స్విచ్చి లెక్క కరెంటక్కకు అక్కడ తేలింది.

"నిన్నటి దాకా వేసేవారు కాదా?"

"నిన్నటి దాకా బల్బేదీ? రెండు నెలలయింది మాడిపోయి. నిన్న రాత్రి పడుకోబోతూ ఆయన కొత్తది పెట్టారు, వేయడం ఈ పొద్దున్నే."

"పొద్దున అడిగితే ఏమీ ముట్టుకోలేదన్నారు కదమ్మా."

"బల్బు మార్చడం ముట్టుకోవడమా?"

కరెంటక్క కళ్ళు మూసుకుని మూడు లెక్కపెట్టింది. తెరిచి, పై వాటా మెయిను ఒక పది నిమిషాలు ఆర్పమని అడిగింది. ఈ లైటు తీగ ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో చూడాలి, రెండు వాటాల్లోనూ కరెంటు లేకుండా చూడాలి.

మాస్టారు తలుపు దగ్గరికొచ్చాడు, పత్రిక మడిచి చంకలో పెట్టుకుని. "చూడమ్మా. స్విచ్చి ఎక్కడ పడుతోంది? కింద. కాబట్టి లోపం ఎక్కడుంది? కింద. మాది ఎందుకు ఆర్పాలి?"

"చూస్తేగాని తెలియదు మాస్టారూ."

"తెలియకుండా ఆర్పమంటే ఎలా? పోనీ, వచ్చి అడగమను వాణ్ణి."

"నేను రాను," అన్నాడు కింద కండక్టరు, గోడతో.

"రానన్నాడని విన్నావుగా," అన్నాడు పైన మాస్టారు, కరెంటక్కతో.

ఆమె సరిగ్గా సగం మెట్ల మీద ఉంది. పైన ఒక మొండితనం, కింద ఒక మొండితనం, మధ్యలో తను, చేతిలో సబ్బుపెట్టె. ఈ ఇద్దరికీ చెరో క్లిప్పు తగిలిస్తే ఏ బెల్లూ మోగదనిపించింది. అనకుండా పళ్ళు నూరుకుంది. కింద గుడ్లమ్మాయి ఎవరినీ చూడకుండా, ఎవరితోనూ కాకుండా, "ముప్పై మూడున్నర," అంది.

మాస్టారి భార్య బుట్ట దించింది. భర్తను దాటుకుని లోపలికి వెళ్ళింది. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు నెమ్మదిగా సన్నబడి, ఆగిపోయింది.

"ఆర్పేశాను," అంటూ వచ్చింది. "మీరిద్దరూ ఇక తీరిగ్గా పంతాలు పట్టుకోండి."

కరెంటక్క టార్చి నోట కరుచుకుంది. కింద స్విచ్చి పెట్టె విప్పింది. మెట్ల లైటుకు వెళ్ళే తీగ విడదీసింది. అది కింది వాటాలోంచే, ముందుగది తీగల్లోంచే బయల్దేరుతోంది. క్లిప్పులు తగిలించి మోగించింది. ఒక క్లిప్పు ఆ తీగకు, రెండోది కరెంటు తిరిగొచ్చే కింది వాటా తీగకు. లైటు స్విచ్చి వేయించింది. బల్బు గుండా దారి ఉంటే బెల్లు సన్నగా, గొంతు బొంగురుపోయినట్టు మోగాలి. మోగలేదు. నేలకు దిగే తీగకు పెట్టింది. మోగలేదు. అంటే గోడలోకీ పోవడం లేదు. మరి ఎక్కడికి పోతోంది?

ఆమె దగ్గర పొడుగు తీగ ఉంది. దాన్ని మెట్ల మీదుగా పైకి పరిచింది. ఒక చివర కింద ఆ తీగకు, ఇంకో చివర తీసుకుని మాస్టారి స్విచ్చి పెట్టె దగ్గరికి వెళ్ళింది, పై వాటాలోకి కరెంటు తిరిగొచ్చే తీగకు తగిలించింది.

మోగింది. బొంగురుగా, సన్నగా, బల్బు గుండా.

కింది వాటాలోంచి బయల్దేరిన కరెంటు బల్బు వెలిగించి పై వాటాలోకి తిరిగి వెళుతోంది. కింద ఉన్న స్విచ్చికి తను పంపినది తిరిగి రాలేదని తప్ప ఇంకేమీ తెలియదు. పడిపోకేం చేస్తుంది?

"ఏ దౌర్భాగ్యుడు వేశాడో గాని ఈ వైరింగు..." అని, టార్చి చేతిలోకి తీసుకుని మొదలుపెట్టింది కరెంటక్క. మాట మధ్యలో ఆగింది. టార్చి వెలుతురు జాయింటు మీద ఉంది. తీగ మీద టేపు చుట్టిన తీరు. చివర ఒక చిన్న మడత, మళ్ళీ విప్పేవాళ్ళకు గోరు దొరకాలని. ఊళ్ళో అలా మడత పెట్టే మనిషి ఒక్కతే.

ఎనిమిదేళ్ళ కిందట వాటాలు పంచుకున్నప్పుడు రెండో మీటరు పెట్టింది ఆమే. అంతా తెగింది, మెట్ల లైటు తెగలేదు. పై మీటరు మీద వేస్తే తమ్ముడు ఒప్పుకోలేదు, నా గుమ్మం ముందు వాడి దీపమా అన్నాడు. కింది మీటరు మీద వేస్తే అన్న ఒప్పుకోలేదు, నేను ఎక్కాలంటే వాడి దయ కావాలా అన్నాడు. రెండు రోజులు తిన్నారు ఆమె బుర్ర. చివరికి పెద్దమనుషులు, మెట్ల లైటు ఇద్దరిదీ అని తేల్చి లేచిపోయారు. మూడో రోజు పొద్దున ఆమె విసిగిపోయి ఒక తీగ కిందనుంచి, ఒక తీగ పైనుంచి లాగింది. "ఇదిగో, సగం మీది, సగం మీది," అంది. అందరూ మెచ్చుకున్నారు. ఆమె ఇంటికెళ్ళి భర్తకు చెప్పుకుని నవ్వింది కూడా. అప్పట్లో రక్షణ స్విచ్చి లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. పై మెయిను ఆర్పి, కిందనుంచి కరెంటు వస్తూనే ఉన్న ఆ తీగను ఎవరైనా పట్టుకుని ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఆమెకు ఇప్పుడొచ్చింది.

పాత వైరింగని చెప్పేయొచ్చు. మాస్టారు నమ్ముతాడు, కండక్టరు నమ్ముతాడు. గుడ్లమ్మాయి కాపురానికి రాకముందు సంగతి, ఆమెకు తెలిసే దారే లేదు.

"ముప్పై మూడు," అంది కింద గుడ్లమ్మాయి.

"పొద్దున్నుంచీ మీ అందర్నీ ఏం ముట్టుకున్నారని అడిగాను," అంది కరెంటక్క, మెట్ల మీంచి. గొంతులో చిరాకు తగ్గలేదు, దాని ముఖం మాత్రం వాళ్ళ వైపునుంచి తన వైపుకు తిరిగింది. "ముట్టుకున్నది నేను. ఈ జాయింటు నాది. చేయకూడని పని, తెలిసే చేశాను, మీ పోరు పడలేక. ఆ గుడ్లకేమన్నా అయితే నాదే పూచీ."

ఆమె ఎవరి మాటకోసమూ ఆగలేదు. బల్బు దగ్గర రెండు తీగలూ తెంపింది, చివర్లు విడివిడిగా టేపు చుట్టింది. కిందికొచ్చి జాయింట్లు బిగించి స్విచ్చి ఎత్తింది. ఎర్రదీపం వెలిగింది. మాస్టారి భార్య ఆ చీకటి మెట్ల మీద నాలుగుసార్లు ఎక్కిదిగి, స్విచ్చి నాలుగుసార్లు నొక్కి చూసింది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. గంట గడిచేసరికి ముప్పై ఆరు. కరెంటక్క సంచీ సర్దుకుంది గాని కదల్లేదు, ముప్పై ఏడున్నర దాకా బీరువాకు ఆనుకుని కూర్చుంది.

"మరి మెట్ల లైటు?" అన్నాడు మాస్టారు, పైనుంచి.

"ఒక మీటరు మీదే వేయాలి మాస్టారూ. రెండు తీగలూ ఒక ఇంటివే. ఎవరిదో మీరే చెప్పండి."

"వాడిదైతే నేనొప్పుకోను."

"ఆయనదైతే నేనొప్పుకోను," అన్నాడు కండక్టరు.

"ఆ ఒక్క మాట మీద మాత్రం ఇద్దరూ కలుస్తారు," అంది గుడ్లమ్మాయి. ఆ పూటంతా ఆమె అన్నవాటిలో కాస్త నవ్వున్న మాట అదొక్కటే.

మూడు రోజుల తర్వాత కరెంటక్క ఎవరూ పిలవకుండానే వచ్చింది. ఒకే మెట్లకు రెండు లైట్లు పెట్టింది. ఒకటి పూర్తిగా పైది, ఒకటి పూర్తిగా కిందిది. రెండు బల్బుల మధ్య జానెడు దూరం. రెండు స్విచ్చులు పైన, రెండు కింద. ఒక్కోదాన్నీ మూడేసి మోతలు మోగించి చూసింది. పని చేస్తున్నంతసేపూ తిట్టుకుంటూనే ఉంది, ఎవరినో పేరు పెట్టకుండా. ఆ తిట్లలో తన వాటా కూడా ఉంది.

అయ్యాక ముందుగదిలోకి వెళ్ళింది. వెళ్ళకుండా పోదామనుకుంది, కాళ్ళు ఊరుకోలేదు. అట్టపెట్టెల్లో, బల్బు వెచ్చదనం కింద, పసుపూ బూడిదరంగూ కలిసిన ఒక మెత్తటి కదలిక.

"ఎన్ని?"

"ఎనభై మూడు."

నూట ఇరవైలో ఎనభై మూడు. మిగతావి చలికి పోయాయా, మొదట్నుంచే జీవం లేనివా, పగలగొట్టి చూసినా తేల్చి చెప్పలేరు. కరెంటక్క జీవితమంతా లోపం ఇక్కడుందని వేలు పెట్టి చూపించి బతికింది. ఇక్కడ వేలు పెట్టడానికి చోటు దొరకలేదు.

"నన్ను ఏమన్నా అనాలంటే అనేయ్ అమ్మాయ్. మనసులో పెట్టుకోకు."

గుడ్లమ్మాయి ఒక పిల్లను తీసి దాని ముక్కును నీళ్ళ మూతలో ముంచి, అది తాగడం నేర్చుకునే దాకా చూసి, దించింది.

"అందామనే అనుకున్నాను అక్కా. మొన్నంతా అనుకున్నాను. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా అని కూడా అనుకున్నాను." చెయ్యి చీరకొంగుకు తుడుచుకుంది. "ఆదివారం మళ్ళీ గుడ్లు పెడుతున్నాను. ముందుగా నువ్వొచ్చి అన్నీ ఒకసారి చూసిపెట్టాలి."

"ఆదివారం నేను పనికి వెళ్ళను. ముప్పై ఏళ్ళుగా వెళ్ళలేదు."

"గుడ్లకు ఆదివారం సంగతి తెలియదక్కా."

కరెంటక్క విసుగ్గా తల తిప్పింది. అట్టపెట్టెలో ఒక పిల్ల ఇంకో పిల్ల మీదికెక్కి, జారి, మళ్ళీ ఎక్కుతోంది.

"ఏడింటికొస్తాను," అంది. "మీ ఆయన్ని మాత్రం ఈలోపల ఏమీ ముట్టుకోవద్దను."